ఎనిమిదో తరగతికి వచ్చిందని డాన్స్ మాన్పించాలా? ఒక నాట్యం టీచర్ సమాధానం

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాప ఎనిమిదో తరగతి. మూడున్నరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ ఏడాది నుంచి స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ మొదలైంది, ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. మీవారు డాన్స్ మాన్పించేద్దామంటున్నారు. దానికి తోడు వారానికి ఒక్కటంటే ఒక్కటి ఉన్న డాన్స్ పీరియడ్‌ని కూడా స్కూలు వాళ్లు తీసేసి మ్యాథ్స్‌కి ఇచ్చేశారు. "అసలు చదువులో డాన్స్‌కి చోటుందా, లేక నేనే మోజు కొద్దీ పట్టుకుని వేలాడుతున్నానా?" అని అడిగారు.

నేను 26 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. అందులో 11 ఏళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో డాన్స్ టీచర్‌గా చేశాను. కాబట్టి నా మాట డాన్స్ వైపు మొగ్గుతుందని ముందే అనుకుని, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మొదట, మీవారితో మాట్లాడేటప్పుడు వాడకూడని మాట ఒకటి చెప్తాను. "డాన్స్ నేర్చుకుంటే మ్యాథ్స్‌లో మార్కులు పెరుగుతాయట" అనకండి. వాట్సాప్‌లో ఇలాంటివి బాగా తిరుగుతుంటాయి. 2013లో ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ) వాళ్లు కళలు నేర్పడం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పోగేసి పెద్ద సమీక్ష వేశారు. డాన్స్ గురించి అందులో తేలింది కొంచెమే. ఆకారాలను, దూరాలను, దిక్కులను మనసులో ఊహించుకునే శక్తి మెరుగవుతుందనడానికి కొద్దిపాటి ఆధారం ఉంది. చదవడంలో ముందుకు వెళ్తారనడానికి లేదు. మార్కుల మాట పట్టుకుని మీరు డాన్స్‌ని నిలబెట్టాలని చూస్తే, మొదటి యూనిట్ టెస్ట్‌లో నాలుగు మార్కులు తగ్గగానే ఆయనదే పైచెయ్యి అవుతుంది. అప్పుడు మీ దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

అలాగని డాన్స్‌లో లెక్క లేదా అంటే, ఒంటి నిండా లెక్కే. ఒక సాయంత్రం జరిగింది చెప్తాను.

ఆది తాళం ఎనిమిది దెబ్బలు కదా, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) 16 మాత్రలు, అంటే 16 సమానమైన లెక్కలు వస్తాయి. పిల్లలకి "తదిగిణతోం" మూడుసార్లు వేసి సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, రావాలని చెప్పి, నేను తట్టుకర్ర పట్టుకుని కూర్చున్నాను. త, ది, గి, ణ, తోం ఐదు. మూడు ఐదులు 15. ఒకటి మిగులుతుంది. మొదటి అమ్మాయి సమం దగ్గర ఎత్తుకుని గబగబా వేసేసి ఒక మాత్ర ముందే ఆగిపోయింది. నా కర్ర దెబ్బ ఒక్కటీ ఒంటరిగా మోగింది, అందరూ నవ్వారు. రెండో అమ్మాయి తెలివిగా మొదటి మాత్ర వదిలేసి ఆ తర్వాత ఎత్తుకుంది. సరిగ్గా వచ్చి పడింది. అయిపోయిందనుకుంటే, ఆరో తరగతి చదివే ఒక చిన్నది లేచి "నేను మొదట్లో ఆగను మేడం" అంది. సమం మీదే ఎత్తుకుంది. మొదటి తోం తర్వాత చిన్నగా ఊపిరి పట్టింది, రెండో తోం తర్వాత మళ్లీ అంతే పట్టింది, మూడో తోం అయ్యేసరికి నా కర్రా దాని కాలూ ఒకేసారి నేల తాకాయి. ఎలా చేశావే అంటే, "ఒకటి మిగిలింది కదా మేడం, దాన్ని సగం చేసి రెండు సందుల్లో పెట్టా" అంది.

అర మాత్ర, అర మాత్ర. భిన్నాలు ఎవరూ చెప్పకుండానే కాళ్లతో చేసేసింది. సంబరంగా వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆ టర్మ్‌లో దానికి భిన్నాల పరీక్షలో 20కి 7 వచ్చాయి. కాళ్లకు తెలిసింది దానంతట అది కాగితం మీదికి రాదు. ఆ వంతెన ఎవరో వేయాలి. వాళ్ల మ్యాథ్స్ టీచరూ నేనూ ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చునేవాళ్లం, ఆ సంగతి ఆవిడకు చెప్పాలని నాకు అప్పుడు తోచలేదు. అది నా తప్పే.

నా దృష్టిలో డాన్స్ వల్ల చదువుకు వచ్చేది మార్కుల కన్నా మౌలికమైనది. పిల్లకి ఏది తెలుసో, ఏది తెలిసినట్టు అనిపిస్తోందో, ఆ తేడా డాన్స్‌లో వెంటనే బయటపడుతుంది. సోషల్ పాఠం అర్థం కాకపోయినా బట్టీ పట్టి పదికి తొమ్మిది తెచ్చుకోవచ్చు. అభినయంలో అది కుదరదు. మాట అర్థమైతే తప్ప చెయ్యి లేవదు.

దీనికి కూడా ఒక ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే నాకు డాన్స్ క్లాసులో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి సత్యభామ పాత్ర చెప్పేటప్పుడు "అలుక" అన్న మాట వస్తుంది. "అలుకంటే కోపమా మేడం?" అంటారు. సరే, కోపం చేసి చూపించు అంటాను. కనుబొమలు ముడిచి, కళ్లు పెద్దవి చేసి ఎదురుగా గుడ్లురిమి చూస్తుంది. మీ తమ్ముడు నీ స్కెచ్ పెన్ను విరగ్గొడితే చూసే చూపు ఇది, బాగానే ఉంది అంటాను. ఇప్పుడు నీ పుట్టినరోజని నాన్న మర్చిపోయారు, సాయంత్రం ఇంటికొచ్చారు, నువ్వేం చేస్తావు? కాసేపు ఆలోచిస్తుంది. మొహం పక్కకి తిప్పుకుంటుంది, భుజం కొంచెం అటు జరుగుతుంది. తర్వాత, నేను చెప్పకుండానే, కళ్లు మాత్రం ఓరగా ఇటు తిరుగుతాయి, నాన్న చూస్తున్నారా లేదా అని. అదీ అలుక. కోపంలో ఎదుటివాడి మీద పడే చూపు అలుకలో తప్పించుకుంటుంది, అయినా వాడి కోసం వెతుకుతూనే ఉంటుంది. ఆ తేడా ఒంటి మీద తెలిశాక ఆ మాటని ఆ పిల్ల జన్మలో మర్చిపోదు. ఈర్ష్య, బెంగ, నిష్ఠూరం, బింకం, ఇలా ఎన్ని మాటలున్నాయో చూడండి. ఇంట్లో "ఫీలయ్యింది" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం. మీ పాప స్కూల్లో తెలుగు రెండో భాషో మూడో భాషో అయితే, వారంలో తెలుగు పద్యాన్ని ప్రతి మాటా ఆగి అడిగి తెలుసుకునే చోటు ఈ డాన్స్ క్లాసు ఒక్కటే కావచ్చు.

ఇంకో సంగతి, దిద్దించుకోవడం. క్లాసులో తప్పు సమాధానం చెప్పాలంటే పిల్లలకి టెన్షన్. డాన్స్ క్లాసులో గంటకి నలభైసార్లు "మోకాలు", "మోచెయ్యి ఎత్తు", "మళ్లీ" అంటూనే ఉంటాం, అదీ అందరి ముందే. మొదటి నెల ఏడుస్తారు. ఆర్నెల్లకి "మళ్లీ" అన్న మాట తిట్టులా వినిపించడం మానేస్తుంది. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడడం, మూడేళ్లకి గానీ కుదరదు. ఇవాళ చేస్తే రేపటికి రాని పనిని వదలకుండా చేయడం ఇప్పటి పిల్లలకి ఇంకెక్కడ అలవాటవుతుందో నాకు తెలియడం లేదు. మీవారు ఫౌండేషన్ కోర్సు అలాంటిదే కదా అంటారేమో. కావచ్చు. కానీ అక్కడ వారం వారం ర్యాంకు వేస్తారు. అరమండికి ర్యాంకు లేదు.

చదువు వేరు, నాట్యం వేరు అన్న మాట మన దగ్గర అంత పాతదేం కాదు. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామంలో తరతరాలుగా ఆడింది మగపిల్లలే, ఆడవేషాలు కూడా వాళ్లవే. సత్యభామగా తెర మీద జడ వేసి నిలబడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ గారిని చూసి ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. "మగపిల్లాడికి డాన్సేంటి" అనే తండ్రులకి నేను ఆ ఊరి సంగతే చెప్తుంటాను. అక్కడి పిల్లలకి నాట్యం పక్కనే సంగీతం, సంస్కృతం, తెలుగు సాహిత్యం అన్నీ ఒకే చదువులో భాగం. గుళ్లలో, కొలువుల్లో ఆడిన కళావంతుల ఇళ్లలోనూ అంతే. మిగతా ఇళ్లలో ఆడపిల్లకి అక్షరం చెప్పని రోజుల్లో వాళ్ల పిల్లలకి కావ్యాలు, పదాలు వచ్చు. తర్వాత ఆ స్త్రీల మీద సంఘం వేసిన నింద నాట్యానికి కూడా అంటింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చేనాటికే "మంచి కుటుంబాల పిల్లలు గజ్జె కట్టరు" అన్న మాట పాతుకుపోయి ఉంది. మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లి, ఆ పెద్దామెల దగ్గర కూర్చుని మిగిలిన నాట్యాన్ని పోగేసి ఆంధ్రనాట్యంగా నిలబెట్టింది నటరాజ రామకృష్ణ గారు. ఓరుగల్లు కాకతీయుల సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి, రామప్ప గుడి శిల్పాలు దగ్గర పెట్టుకుని పేరిణి అనే వీరనాట్యాన్ని తిరిగి ఆడించింది కూడా ఆయనే. ఇటు వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక మధ్యతరగతి ఆడపిల్లలు వందలుగా గజ్జె కట్టారు.

నాట్యం ఇళ్లలోకి గౌరవంగానే తిరిగొచ్చింది. బడిలోకి మాత్రం రాలేదు. ఫీజు కట్టగలిగిన వాళ్లకి సాయంత్రం ట్యూషన్‌లా మిగిలిపోయింది. ఇలా కానవసరం లేదని చూపినవాళ్లు లేకపోలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో సిల్హెట్‌లో మణిపురి నృత్యం చూసి, ఆ తర్వాత శాంతినికేతన్‌కి మణిపురి గురువునే పిలిపించారు. అక్కడ నాట్యం బడి పనిలో భాగం.

ఇక మీ స్కూలు తీసేసిన పీరియడ్ సంగతి. దాని కోసం పోట్లాడాలా అంటే, పోట్లాడండి, కానీ ముందు ఆ పీరియడ్‌లో ఏం జరిగేదో కనుక్కోండి. 11 ఏళ్లు నేను ఆ పనే చేశాను కాబట్టి చెప్తున్నాను. జూన్ నుంచి నవంబరు దాకా ఆ పీరియడ్ ఏ టీచర్ సిలబస్ వెనకబడితే ఆ టీచర్‌ది. డిసెంబరు వచ్చేసరికి యాన్యువల్ డే. అప్పుడు ఒక్కసారిగా డాన్స్ టీచర్ కావాల్సి వస్తుంది. 40 మంది క్లాసులో చురుగ్గా, చక్కగా ఉన్న 12 మందిని ఏరుకుంటాం. మిగతా 28 మంది చప్పట్లు కొడతారు. ఆ 12 మంది కూడా ఒక సినిమా పాటకి నాలుగు నిమిషాల స్టెప్పులు నేర్చుకుని, ఫిబ్రవరికి మర్చిపోతారు. దీన్ని డాన్స్ నేర్పడం అని నేను ఇప్పుడు అనను. అప్పట్లో మాత్రం ఫొటోలు చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఒక ఏడాది జడ కోలాటం పెట్టాను. మీరు చూసే ఉంటారు. పైనుంచి ఎనిమిది తాళ్లు వేలాడతాయి, ఎనిమిది మంది తలా ఒకటి పట్టుకుని లోపలికీ బయటికీ దాటుకుంటూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. సరిగ్గా అదే వరస వెనక్కి ఆడితే జడ విప్పుకుంటుంది. అల్లడం పది రోజుల్లో వచ్చేసింది, విప్పడం రాలేదు. రోజూ ఎక్కడో చిక్కు పడేది. మాట తడబడే ఒక అబ్బాయిని నేను డాన్స్‌లోకి తీసుకోలేదు, తెర లాగే పని ఇచ్చాను. రోజూ పక్కన తాడు పట్టుకుని నిలబడి చూసేవాడు. ఒకరోజు నేను విసుగెత్తి కూర్చుంటే వచ్చి, చేత్తో చూపిస్తూ చెప్పాడు. మూడో అమ్మాయి బయటినుంచి వెళ్లాల్సింది లోపలినుంచి వెళ్తోంది, అది కూడా రెండో చుట్టులోనే. నిజమే. నాకు కనపడలేదు. ఎనిమిది మంది అడుగులు వాడి తలలో ఉన్నాయి.

మర్నాడు వాణ్ని ఆటలోకి తీసుకున్నాను అని చెప్పగలిగితే బాగుండేది. యాన్యువల్ డే ఇంకా వారమే ఉంది, డ్రెస్సులు కొలతలకి కుట్టించేశారు, వాడు తెర దగ్గరే ఉండిపోయాడు. ఆ తర్వాతి ఏడాది నుంచి నేను ఏరుకోవడం మానేశాను. క్లాసు మొత్తం ఆడితేనే స్టేజీ, లేదంటే లేదు అన్నాను. కరస్పాండెంట్‌కి అది నచ్చలేదు, పేరెంట్స్‌లోనూ కొందరికి నచ్చలేదు. ముందు వరసలో ఉండాల్సిన తమ పిల్ల మూడో వరసలోకి వెళ్లిందని గొడవ.

కాబట్టి స్కూలుకి వెళ్లినప్పుడు "డాన్స్ పీరియడ్ మళ్లీ పెట్టండి" అని మాత్రమే అడగకండి. వారానికి రెండు పీరియడ్లు, పిల్లలందరికీ, ఏడాది పొడవునా అని అడగండి. కూచిపూడే కానక్కర్లేదు. 40 మందిని ఒకేసారి అరమండిలో నిలబెట్టి ఎవరి మోకాలూ దిద్దలేం. బడికి కోలాటం, ధింసా, డప్పు అడుగులు, తప్పెటగుళ్లు లాంటివే సరిపోతాయి. అందరూ కలిసి ఆడేవి, పక్కవాడి లయ వినకపోతే కుదరనివి. కోలాటంలో నీ కర్ర మోగాలంటే ఎదుటివాడి కర్ర సమయానికి రావాలి. ఊళ్లో ఆడేవాళ్లని పిలిపించి నేర్పిస్తే ఇంకా మంచిది. బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగు వాళ్ల నానమ్మకి వచ్చినట్టు నాకు రాదు.

పైవాళ్లు ఒప్పుకోరని మేనేజ్‌మెంట్ అంటే, పైవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారని చెప్పండి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలు పదో తరగతి దాకా అందరికీ ఒక సబ్జెక్టుగా ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం చదువుకీ కళలకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. సీబీఎస్‌ఈ స్కూలైతే ఒకటి నుంచి పదో తరగతి దాకా కళలతో ముడిపెట్టిన ప్రాజెక్టు తప్పనిసరి. ఆచరణలో అది చాలాచోట్ల అమ్మలు రాత్రి పదింటికి చేసే చార్టు అయిపోయిందనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీరింత వివరంగా రాశారు గానీ, పాప ఏమంటోందో ఎక్కడా రాయలేదు. "డాన్స్ ఇష్టమా?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మీ మొహం చూసి జవాబు చెప్తుంది. రెండు వారాలు క్లాసు ఆపి చూడండి. హోంవర్క్ చేసేటప్పుడు బల్ల కింద కాలు జతి వేస్తోందా, అద్దం ముందు నిలబడుతోందా, లేక హాయిగా ఊపిరి పీల్చుకుందా? హాయిగా ఉంటే మాన్పించేయండి. ఇన్ని డబ్బులు పోశాం, డిప్లొమా దాకా వెళ్లాల్సిందే అని లాగకండి. ఇష్టం లేకుండా ఏడేళ్లు ఆడిన పిల్లల్ని చూశాను. వాళ్లు గజ్జెలు అటక మీద పెట్టేసి మళ్లీ దించరు.

కొనసాగిస్తుందనుకుంటే, ఫౌండేషన్ పెట్టుకుని వారానికి మూడు క్లాసులు కుదరవు. రెండు చాలు, ఒకటి ఆదివారం ఉదయం పెట్టమనండి. ఇంట్లో రోజూ పావుగంట అడుగులు వేస్తే పట్టు పోదు. ఈ రెండేళ్లూ కొత్త అంశాలు తగ్గించి ఉన్నవాటికే సానబట్టమని టీచర్‌ని అడగండి, అర్థం చేసుకునే టీచరైతే ఒప్పుకుంటుంది. నిజానికి పిల్లల టైమంతా తినేసేది క్లాసు కాదు, పోటీలు, ప్రోగ్రాములు. ఒక్క పది నిమిషాల ఐటం కోసం మేకప్‌తో కలిపి ఆదివారం మొత్తం పోతుంది. వేల మందితో రికార్డు అంటూ ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే వాటికి అసలు వెళ్లొద్దు. పదమూడేళ్ల పిల్ల చేత విరహపు పదాలు ఆడించే క్లాసైతే కూడా ఒకసారి ఆలోచించండి. ఆ పదాలు రాసిన క్షేత్రయ్య ఎక్కడికీ పోడు, ఇరవై ఏళ్లకి నేర్చుకోవచ్చు.

క్లాసు ఏ నేల మీద జరుగుతోందో కూడా చూడండి. టైల్స్ మీద, గ్రానైట్ మీద గంటల తరబడి గట్టిగా కాలు వేస్తే మడమలు, పిక్కల ఎముకలు నొప్పి పుడతాయి, మోకాళ్లు పాడవుతాయి. చెక్క నేల మనకి దొరకదు, కనీసం పాత మట్టినేల అయినా నయం. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉండడం మామూలు. డాన్స్‌లో కళ్లు తిరుగుతున్నాయంటే బద్ధకం అనుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. స్కూలు నుంచి నేరుగా క్లాసుకి వచ్చే పిల్లకి బ్యాగులో రెండు అరటిపళ్లు పెట్టండి.

ముందు ముందు దారి ఉందా అని మీవారు అడిగితే, ఉంది. ఢిల్లీలోని సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి కళల స్కాలర్‌షిప్ ఇస్తుంది, మీ పాప ఇంకా ఆ వయసులోనే ఉంది, నోటిఫికేషన్ కోసం వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. విజయవాడ, విజయనగరం, హైదరాబాద్ లాంటి చోట్ల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు ఉన్నాయి, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు తక్కువ ఫీజుతో అక్కడ చేయొచ్చు. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకి కూచిపూడిని ఒక సబ్జెక్టుగానే తీసుకోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డాన్స్‌లో పీజీ ఉంది. అయితే వీటి కోసమని ఇప్పుడు కొనసాగించమని నేను చెప్పను. నా దగ్గర నేర్చుకున్న వాళ్లలో డాన్స్‌తో బతుకుతున్నవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతావాళ్లు బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, అమెరికాలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు.

హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా వారానికి రెండు క్లాసుల పద్ధతి పెట్టి చూడండి. మీవారికి కూడా అంతవరకే అని చెప్పండి, గడువు పెడితే మగవాళ్లు త్వరగా ఒప్పుకుంటారు. ఈలోగా ఒక ఆదివారం ఆయన్నే క్లాసుకి దింపి రమ్మనండి. దింపి వెళ్లిపోవడం కాదు, గంటసేపు వెనక కుర్చీలో కూర్చోమనండి. పరీక్షలయ్యాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూస్తాను.